పవర్ స్ట్రిప్‌ల మీద ఫైర్ ఇన్‌స్పెక్టర్ నోటీసు: దేని మీద వాదించవచ్చు, దేనిని వెంటనే మార్చాలి

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. డాలస్ పక్కనున్న ఒక ఊళ్లో, అద్దె స్థలంలో, ఎనిమిది బల్లల అకౌంటింగ్ ఆఫీసు నడుపుతున్నారు. ఏటా జరిగే తనిఖీకి వచ్చిన ఫైర్ ఇన్‌స్పెక్టర్ నాలుగు ఉల్లంఘనలు రాసి 30 రోజుల గడువు ఇచ్చారు. ఒక పవర్ స్ట్రిప్‌కు మరో పవర్ స్ట్రిప్ తగిలించి ఉండడం మొదటిది. మైక్రోవేవ్, కెటిల్ రెండూ ఒకే స్ట్రిప్ మీద నడవడం రెండోది. కార్పెట్ కింద నుంచి ఎక్స్‌టెన్షన్ కార్డ్ వెళ్లడం మూడోది. బల్ల వెనుక ఒక స్ట్రిప్‌ను స్క్రూలకు తగిలించి ఉండడం నాలుగోది. అన్నింటి మీదా యూఎల్ (విద్యుత్ వస్తువుల భద్రతను పరీక్షించే సంస్థ) గుర్తు ఉందని, పేరున్న దుకాణంలోనే కొన్నారని, పోయిన ఏడాది వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒక్క మాటా అనలేదని, అందువల్ల ఈయనతో వాదించవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మొదటి మూడింటి మీద వాదించకండి, ఆయన రాసింది సరైనదే. నాలుగోదాని మీద మాత్రం తయారీదారు ఇచ్చిన సూచనల కాగితం చేతిలో పెట్టుకుని మర్యాదగా అడగవచ్చు. పవర్ స్ట్రిప్ వాడకాన్ని ఏ కోడూ నిషేధించలేదు. మన ఊళ్లలో ఎక్స్‌టెన్షన్ బాక్స్ అని పిలిచే ఈ వస్తువును నియమాల ప్రకారం వాడినంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. గోడలో ఉండవలసిన సాకెట్‌కు బదులుగా అది ఏళ్ల తరబడి పనిచేస్తూ ఉండడమే ఇన్‌స్పెక్టర్‌కు అభ్యంతరం. మీ నోటీసులోని అంశాల్లో మొదటి మూడూ ఈ ఒక్క కారణం నుంచే పుట్టాయి కాబట్టి, మీ ఆఫీసులో సాకెట్లు చాలడం లేదన్న విషయాన్ని ముందుగా ఒప్పుకుంటే మిగతా పని తేలికవుతుంది.

నేను విజయవాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఇక్కడికి వచ్చిన తర్వాత ఇరవై రెండేళ్లుగా ఆఫీసు భవనాల నిర్వహణ చూస్తున్నాను. ఫైర్ ఇన్‌స్పెక్టర్ల వెంట నడిచిన తనిఖీలను లెక్క పెట్టుకోలేదు గానీ, పవర్ స్ట్రిప్ ప్రస్తావన రాని తనిఖీ ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

నియమం ఎక్కడ ఉంది. టెక్సాస్‌లో చాలా నగరాలు ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌ను తమ సొంత సవరణలతో అమలు చేస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో నార్త్ సెంట్రల్ టెక్సాస్ కౌన్సిల్ ఆఫ్ గవర్నమెంట్స్ సూచించే ప్రాంతీయ సవరణలు కూడా వాడుకలో ఉన్నాయి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాల ఫైర్ కోడ్‌లు కూడా ఈ ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ఆధారంగానే తయారయ్యాయి; ఫ్లోరిడా మాత్రం నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ రూపొందించిన ఎన్ఎఫ్‌పీఏ 1 అనే వేరే కోడ్‌ను అనుసరిస్తుంది. అందువల్ల వేరే రాష్ట్రంలో ఉన్న మీ స్నేహితులు చెప్పిన సెక్షన్ నంబరు మీ ఊళ్లో పనికిరాకపోవచ్చు. ఒకే కోడ్‌లో కూడా ఎడిషన్ మారితే నంబరు మారుతుంది. పవర్ స్ట్రిప్‌ల నియమం 2015 ఎడిషన్‌లో 605.4గా, 2018లో 604.4గా, 2021లో 603.5గా ఉంది. మీ నోటీసు మీద సెక్షన్ నంబరు ఉండి ఎడిషన్ సంవత్సరం లేకపోతే, ఫోన్ చేసి మొదట అడగవలసిన ప్రశ్న అదే. నంబరు మారినా సారాంశం మాత్రం మారలేదు: స్ట్రిప్‌కు గ్రౌండింగ్ పిన్ గానీ ఒకే దిశలో గుచ్చగలిగే పోలరైజ్డ్ ప్లగ్ గానీ ఉండాలి, అధిక కరెంటును ఆపే రక్షణ దానిలోనే ఉండాలి, యూఎల్ 1363 ప్రమాణానికి లిస్ట్ అయి (పరీక్షలో నెగ్గి జాబితాకెక్కి) ఉండాలి, శాశ్వతంగా బిగించిన సాకెట్‌లోనే నేరుగా గుచ్చాలి, దాని తీగ గోడలు, పైకప్పు, నేల గుండా గానీ, తలుపుల కింద, కార్పెట్ల కింద గానీ వెళ్లకూడదు.

“నేరుగా” అన్న ఆ ఒక్క మాట దగ్గరే మీ మొదటి ఉల్లంఘన తేలిపోతుంది. రెండు స్ట్రిప్‌లకూ యూఎల్ గుర్తు ఉండవచ్చు. అయితే ఒకదానికొకటి తగిలించకూడదన్న షరతు మీదే యూఎల్ వాటిని లిస్ట్ చేసింది. గుర్తును చూపించి వాదిస్తే ఆ గుర్తే మీకు ఎదురుసాక్ష్యం అవుతుంది. ఒక స్ట్రిప్‌ను ఎక్స్‌టెన్షన్ కార్డ్‌కు తగిలించినా, ఎక్స్‌టెన్షన్ కార్డ్‌ను స్ట్రిప్‌కు తగిలించినా ఇదే తప్పు.

ఇలా కలిపితే వచ్చే ప్రమాదం ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనలో చాలామందికి 230 వోల్టుల మధ్య పెరిగిన అలవాటు వల్ల ఇక్కడి లెక్క సరిగా మనసుకు ఎక్కదు. 1500 వాట్ల హీటర్ హైదరాబాద్‌లో సుమారు 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇక్కడి 120 వోల్టుల మీద అదే 1500 వాట్లకు 12.5 ఆంపియర్లు కావాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే మందం తీగలో, అదే పనికి, ఇక్కడ మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. “ఇంటి దగ్గర ఇరవై ఏళ్లు ఇలాగే వాడాం, ఏమీ కాలేదు” అన్న మన అనుభవం ఇక్కడ సాక్ష్యంగా నిలబడకపోవడానికి కారణం ఇదే.

తీగ కన్నా ప్రమాదకరమైనది అతుకు. ప్లగ్ పిన్నును సాకెట్ లోపలి రేకు గట్టిగా పట్టుకోనప్పుడు అక్కడ చిన్న నిరోధం ఏర్పడుతుంది. అది 0.1 ఓమ్ మాత్రమే అనుకున్నా, 12.5 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ ఒక్క బిందువు దగ్గర 15 వాట్లకు పైగా వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ మొన వేడెక్కడానికి దాదాపు అంత శక్తి సరిపోతుంది. స్ట్రిప్ వెనుక స్ట్రిప్ తగిలించిన కొద్దీ ఇటువంటి అతుకుల సంఖ్య పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, వదులైన అతుకు దగ్గర వేడి పుడుతున్నప్పుడు కరెంటు పరిమితిని దాటి ఉండదు, అందువల్ల స్ట్రిప్‌లోని బ్రేకరు గానీ, ప్యానెల్‌లోని బ్రేకరు గానీ తెగదు. పైగా తీగ పొడవు పెరిగిన కొద్దీ, నిజంగా షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు కూడా ప్రవహించే కరెంటు తగ్గి, బ్రేకరు తెగడం ఆలస్యమవుతుంది. “బ్రేకరు ఉంది కదా” అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు.

ఆరేళ్ల క్రితం నేను చూసుకునే ఒక భవనంలో శిక్షణ గది నుంచి చేపల వాసన లాంటిది వస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఎవరో తెచ్చుకున్న భోజనం అనుకుని రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు నేను స్వయంగా వెళ్లి బల్లల కింద చూస్తే, వరుసగా మూడు స్ట్రిప్‌లు తగిలించి, చివరి దాని మీద ఒక చిన్న హీటర్ పెట్టి ఉంది. మొదటి స్ట్రిప్‌లో రెండో స్ట్రిప్ గుచ్చిన సాకెట్ గోధుమ రంగులోకి మారి, ప్లాస్టిక్ మెత్తబడి ఉంది. విద్యుత్ సామగ్రిలోని ప్లాస్టిక్ వేడెక్కినప్పుడు చాలాసార్లు అటువంటి వాసనే వస్తుంది. ఒక్క బ్రేకరు కూడా తెగలేదు. ఆ కాలిన స్ట్రిప్‌ను పారేయకుండా నా దగ్గర ఉంచుకున్నాను. కొత్తగా చేరిన వాళ్లకు చూపిస్తే వేరే ఉపన్యాసం అక్కరలేదు.

రెండో అంశం, మైక్రోవేవ్, కెటిల్. వెయ్యి వాట్లు అని పెట్టె మీద రాసి ఉన్న మైక్రోవేవ్ గోడ నుంచి తీసుకునేది సుమారు 1500 వాట్లు ఉంటుంది. వెయ్యి అనేది పదార్థానికి అందే శక్తి. కెటిల్ మరో 1500 వాట్లు. రెండూ కలిసి నడిస్తే 25 ఆంపియర్లు అవుతాయి, స్ట్రిప్ సామర్థ్యం 15 మాత్రమే. నేను మా భవనాలలో పెట్టుకున్న నియమం చాలా సరళమైనది: వేడి పుట్టించే వస్తువు, మోటారు ఉన్న వస్తువు స్ట్రిప్ మీదకు రాకూడదు. మైక్రోవేవ్, కెటిల్, కాఫీ యంత్రం, ఫ్రిజ్, రైస్ కుక్కర్, హీటర్, లేజర్ ప్రింటర్ అన్నీ గోడ సాకెట్‌లోకే వెళ్లాలి. హీటర్ విషయంలో ఇది నా సొంత జాగ్రత్త మాత్రమే కాదు. గది హీటర్‌ను నేరుగా గోడ సాకెట్‌లోనే గుచ్చాలని, మండే వస్తువులకు 3 అడుగుల దూరంలో ఉంచాలని ఫైర్ కోడే చెబుతుంది. ల్యాప్‌టాప్, రెండు మానిటర్లు కలిపినా సాధారణంగా రెండు ఆంపియర్లు దాటవు కాబట్టి, వాటిని లిస్ట్ అయిన ఒక మంచి స్ట్రిప్ మీద నిశ్చింతగా నడుపుకోవచ్చు.

మూడో అంశం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కార్పెట్ కింద తీగ మీద కుర్చీ చక్రాలు తిరుగుతాయి, వేడి బయటకు పోదు, తొడుగు చిట్లినా ఎవరికీ కనబడదు. ఈ రోజే తీసేయండి, గడువు దాకా ఆగకండి.

నాలుగో అంశం దగ్గర మీకు కొంత అవకాశం ఉంది. స్ట్రిప్‌ను భవనానికి గానీ బల్లకు గానీ శాశ్వతంగా బిగించకూడదన్నది నియమం. స్క్రూలు స్ట్రిప్ శరీరం గుండా దిగి ఉంటే, తీగను మేకులతో గానీ స్టేపిల్స్‌తో గానీ కొట్టి ఉంటే, ఇన్‌స్పెక్టర్ రాసింది నిస్సందేహంగా సరైనది. చాలా స్ట్రిప్‌ల వెనుక తాళంచెవి రంధ్రం ఆకారంలో రెండు గాడులు ఉంటాయి. వాటిని రెండు స్క్రూల తలలకు తగిలించి, పనిముట్టు ఏదీ లేకుండా చేత్తో ఎత్తి తీయగలిగితే, తయారీదారు సూచనల్లో ఆ పద్ధతి రాసి ఉంటే, అది శాశ్వతంగా బిగించడం కిందకు రాదని వివరించవచ్చు. సూచనల కాగితాన్ని అచ్చు వేసి, స్ట్రిప్‌ను చేత్తో తీసి చూపించే ఫోటోతో పాటు ఈమెయిల్ చేయండి. “మీరు తప్పు రాశారు” అని మొదలుపెట్టకుండా, “తయారీదారు ఈ పద్ధతిని అనుమతించారు, దీనిని మీరు అంగీకరిస్తారా, లేకపోతే ఏ పద్ధతి అంగీకరిస్తారు?” అని అడగండి. ఇటువంటి ప్రశ్నకు నా అనుభవంలో చాలామంది ఇన్‌స్పెక్టర్లు సానుకూలంగా స్పందించారు. ఒకవేళ అంగీకరించకపోతే, రెండు స్క్రూల కోసం పోరాటం పెట్టుకోకండి. బల్లకు బిగించడానికే లిస్ట్ అయిన ఫర్నిచర్ పవర్ యూనిట్లు దొరుకుతాయి, అవి యూఎల్ 962ఏ ప్రమాణం కిందకు వస్తాయి. కొనే ముందు ఆ మోడల్‌ను కూడా ఆయనకు చూపించి ఒప్పించుకోండి, ఎందుకంటే వీటి విషయంలో ఊరికో అభిప్రాయం ఉంది.

ఇన్‌స్పెక్టర్ పొరపాటు పడడం అసలు జరగదని నేను అనను. ఒకసారి సర్వర్ ర్యాక్‌లో బిగించిన పవర్ యూనిట్‌ను చూసి, పవర్ స్ట్రిప్‌ను శాశ్వతంగా బిగించారని ఒక యువ ఇన్‌స్పెక్టర్ మాకు ఉల్లంఘన రాశారు. ఆ యూనిట్ ర్యాక్‌లో బిగించడానికే తయారై, వేరే ప్రమాణం కింద లిస్ట్ అయినది. నేను అక్కడికక్కడ వాదించలేదు. ఆ సాయంత్రం లిస్టింగ్ పత్రాన్ని, తయారీదారు సూచనల పేజీని పంపి, దయచేసి పరిశీలించమని నాలుగు వాక్యాలు రాశాను. మూడు రోజుల్లో ఆ అంశాన్ని తొలగించి సవరించిన నోటీసు పంపారు. ఆ తర్వాత అదే వ్యక్తి వేరే భవనంలో ఇటువంటి యూనిట్ కనబడినప్పుడు నాకు ఫోన్ చేసి అభిప్రాయం అడిగారు.

పోయిన ఏడాది ఎవరూ అనలేదన్న మాటను దయచేసి ఎత్తకండి. అప్పుడు చూడకపోవడం అనుమతి ఇవ్వడం కాదు, పైగా ఆ వాదన మీ ఎదుట ఉన్న వ్యక్తిని తన సహోద్యోగికి వ్యతిరేకంగా మాట్లాడవలసిన స్థితిలో పెడుతుంది. అప్పీలు మండలికి వెళ్లే హక్కు మీకు ఉంది. కోడ్‌ను తప్పుగా అన్వయించారనో, ఆ నియమం మీకు పూర్తిగా వర్తించదనో, అంతే భద్రమైన వేరే పద్ధతి ఉందనో మాత్రమే అక్కడ వాదించగలరు. నియమాన్నే మినహాయించే అధికారం ఆ మండలికి లేదు. మీ మొదటి మూడు అంశాలు వీటిలో దేనిలోనూ ఇమడవు.

తనిఖీ రోజున స్ట్రిప్‌లను సొరుగుల్లో దాచి, మర్నాడు మళ్లీ పెట్టుకునే పద్ధతిని నేను చాలా చోట్ల చూశాను. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. సర్దుబాటు ఏమైనా అవుతుందా అన్న ఆలోచన కూడా వద్దు. ప్రభుత్వోద్యోగికి లంచంగా ఏదైనా ఇవ్వజూపడం ఇక్కడ నేరం, పండగ మిఠాయి పెట్టె అయినా సరే తనిఖీ రోజున చేతికి ఇవ్వకండి.

ఇక అసలు మరమ్మతు, అంటే సాకెట్లు పెంచుకోవడం. అద్దె స్థలం కాబట్టి మొదట లీజు తీసి, విద్యుత్ మార్పుల ఖర్చు ఎవరిదో, ఎవరి అనుమతి కావాలో చదవండి. నోటీసు కాపీని జత చేసి యజమానికి రాతపూర్వకంగా తెలపండి. పని చేసే ఎలక్ట్రీషియన్‌కు టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ ఇచ్చిన లైసెన్స్ ఉండాలి, అవసరమైన చోట నగరం నుంచి పర్మిట్ తీసుకోవాలి. గోడలు పగలగొట్టించడం ఇష్టం లేకపోతే, గోడ ఉపరితలం మీద నడిపే, తీగలు లోపల ఉండే లోహపు గొట్టం లాంటి రేస్‌వే వేయించి దాని పొడవునా సాకెట్లు పెట్టించవచ్చు. అది శాశ్వత వైరింగ్ కిందకే వస్తుంది, దూరానికి స్ట్రిప్‌లా కనిపించినా నియమం ప్రకారం పూర్తిగా వేరు. గది మధ్యలో బల్లలు ఉంటే నేల సాకెట్ పెట్టించాలి, లేదా బల్లలనే గోడ వైపు జరపాలి. డబ్బు ఖర్చు లేని ఆ రెండో మార్గాన్ని ఎందుకో ఎవరూ ముందు ఆలోచించరు. వంటగది మూలలో మైక్రోవేవ్‌కు విడిగా ఒక 20 ఆంపియర్ల సర్క్యూట్ లాగించమని నా గట్టి సలహా.

పని 30 రోజుల్లో పూర్తి కాదనిపిస్తే, గడువు ముగియకముందే, కొటేషన్, పర్మిట్ దరఖాస్తు నంబరు జతచేసి పొడిగింపు అడగండి. ఈ లోపు ప్రమాదకరమైన వాడకాన్ని ఆపేశామని, అంటే కార్పెట్ కింద తీగ తీసేశామని, కెటిల్ పక్కన పెట్టామని, స్ట్రిప్‌లు విడదీశామని ఫోటోలతో చూపించండి. గడువు దాటిన తర్వాత అడిగితే తిరిగి తనిఖీకి రుసుము వసూలు చేసే నగరాలు చాలా ఉన్నాయి.

ఉంచుకునే స్ట్రిప్‌లను ఒక్కొక్కటిగా తిరగేసి చూడండి. గుర్తు అట్ట పెట్టె మీద ఉంటే చాలదు, వస్తువు మీదే ఉండాలి. యూఎల్ మాత్రమే కాదు, ఈటీఎల్, అమెరికాకు వర్తించే సీఎస్ఏ గుర్తులు కూడా ఇక్కడ గుర్తింపు పొందిన ప్రయోగశాలలవే. యూరప్‌లో వాడే సీఈ గుర్తు మాత్రం సాధారణంగా తయారీదారు తనకు తానే చేసుకునే ప్రకటన, అది ఇక్కడ చెల్లదు. మన వాళ్ల ఆఫీసుల్లో తరచుగా కనిపించే మరో సంగతి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను అడాప్టర్ పెట్టి వాడడం. ఐఎస్ఐ గుర్తు ఉన్నంత మాత్రాన ఇక్కడి లిస్టింగ్ నియమం తీరదు, ఇన్‌స్పెక్టర్ కంటపడితే ఉల్లంఘన తప్పదు. వోల్టేజి ఒక్కసారిగా పెరిగినప్పుడు పరికరాలను కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ అయితే దాని వయసు కూడా చూడండి. 2003కు ముందు తయారైన ఏపీసీ కంపెనీ 7, 8 సిరీస్ సర్జ్ ప్రొటెక్టర్లు వేడెక్కి కరుగుతున్నాయని, సుమారు కోటిన్నర పరికరాలను 2013లో వెనక్కు పిలిపించారు. పాత సామాను గదిలో అటువంటివి నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు తారసపడుతుంటాయి.

ఈ జవాబు చదివేవాళ్లలో క్లినిక్ నడిపేవాళ్లు ఉంటే, పైన చెప్పినది మీ ఫ్రంట్ డెస్క్ వరకే వర్తిస్తుందని గమనించండి. రోగికి వైద్యం చేసే చోట, మంచం చుట్టూ 6 అడుగుల పరిధిలో, ఎన్ఎఫ్‌పీఏ 99 నియమాలు, యూఎల్ 1363ఏ వంటి ప్రత్యేక ప్రమాణాలు అమలవుతాయి. అక్కడ దుకాణంలో కొన్న మామూలు స్ట్రిప్ పనికిరాదు.

తిరిగి తనిఖీకి వచ్చే రోజున నాలుగు అంశాలకూ ముందు, తర్వాత తీసిన ఫోటోలు, ఎలక్ట్రీషియన్ బిల్లు, పర్మిట్ మీద నగర ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన ఆమోదం, స్ట్రిప్ సూచనల కాగితం ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. మీరే ఆయన వెంట నడవండి, ఆ పనిని రిసెప్షన్‌లోని వారికి అప్పగించకండి. అన్నీ సరిగా ఉన్నాయని సంతకం అయ్యాక, కొత్త సాకెట్లలో ఏవి ఏ బ్రేకరు మీద ఉన్నాయో ప్యానెల్ తలుపు లోపల రాయించుకోండి. ప్యానెల్ ముందు 3 అడుగుల మేర స్థలం ఖాళీగా ఉండాలి. ఆఫీసుల్లో ప్రింటర్ కాగితాల పెట్టెలు చేరేది ఎక్కువగా అక్కడికే, వచ్చే ఏడాది నోటీసులో మొదటి అంశంగా కనిపించేది కూడా చాలాసార్లు అదే.